శ్రీకాకుళం, విజయనగరంలో గుండె వైద్యం చేస్తూ అప్‌డేట్‌గా ఉండటం ఎలా: స్టెప్ బై స్టెప్

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కార్డియాలజీ చేస్తున్నవాళ్ళకి, డీఎం (కార్డియాలజీ సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) లేకపోయినా చుట్టుపక్కల గుండె కేసులన్నీ తమ టేబుల్ దగ్గరికే వచ్చే ఎండీ ఫిజీషియన్లకి ఇది. సమాచారం దొరక్క ఇబ్బంది పడే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు రాత్రి ఓపీ అయ్యాక ఫోన్ తీస్తే నాలుగు గ్రూపుల్లో అదే స్లైడ్ ఫొటో ఉంటుంది, కింద "గేమ్ ఛేంజర్" అని ఒకాయన, "ఇక ప్రాక్టీస్ మార్చాల్సిందే" అని ఇంకొకాయన, అసలు పేపర్ తెరిచి చదివినవాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడరు. మర్నాడు మెడికల్ రెప్ వచ్చి అదే స్లైడుని ఆర్ట్ పేపర్ మీద కలర్‌లో ప్రింట్ చేసి చేతిలో పెడతాడు.

నేను చెప్పేది ఏంటంటే తక్కువ చదవండి, చదివినదాన్ని మన ఓపీలో కూర్చున్న పేషెంట్‌కి పెట్టి చూడండి, అలా పెట్టి చూసేదాకా ఆ వార్తని పక్కనే ఉంచండి. దీనికి కావాల్సిన ఏర్పాట్లు వరసగా రాస్తున్నా. కొన్ని స్టెప్పులు పది నిమిషాల పని, మూడోది నాలుగోది మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి.

స్టెప్ 1: ముందు సర్టిఫికెట్ల గోల తేల్చేయండి

చదువుకీ దీనికీ పెద్దగా సంబంధం లేదు గానీ ఇది నెత్తి మీద ఉంటే చదువు సాగదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ఎథిక్స్ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి 5 ఏళ్ళకి కనీసం 30 గంటల సీఎంఈ (డాక్టర్లు చదువు కొనసాగించే క్లాసులు) చూపించాలి. 2023 ఆగస్టులో ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) కొత్త రెగ్యులేషన్స్ తెచ్చి అదే నెలలో పక్కన పెట్టేసింది, మళ్ళీ 2002వే నడుస్తాయంది. ఏడాదికి 6 గంటలంటే అసలు లెక్కే కాదు, అయినా రిజిస్ట్రేషన్ రెన్యూవల్ దగ్గరపడ్డాక "ఎక్కడైనా క్రెడిట్ అవర్స్ ఉన్న వెబినార్ ఉందా బ్రదర్" అని మెసేజ్‌లు పెట్టేవాళ్ళని చూస్తూనే ఉన్నాం కదా.

ఫోన్లో ఒక ఫోల్డర్ పెట్టుకోండి, మీటింగ్ హాల్లోంచి బయటికి రాకముందే సర్టిఫికెట్ స్కాన్ చేసి అందులో పడేయండి. మూడు సంగతులు అక్కడే చూసుకోవాలి: మీ పేరు రిజిస్ట్రేషన్లో ఉన్నట్టే ఉందా (ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా), రిజిస్ట్రేషన్ నంబర్ కరెక్టా, ఏపీ మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన క్రెడిట్ గంటలు అందులో స్పష్టంగా రాశారా. "పార్టిసిపేషన్ సర్టిఫికెట్" అని రంగురంగుల కాగితం ఇచ్చి క్రెడిట్ సంగతి రాయని వెబినార్లు బోలెడు, ఫీజు కట్టకముందే అడిగేయండి. వేరే రాష్ట్రంలో గానీ విదేశీ సంస్థ దగ్గర గానీ తీసుకున్న గంటలైతే ఇక్కడ చెల్లుతాయా లేదా అని కౌన్సిల్‌ని ముందే మెయిల్‌లో అడిగి ఆ జవాబు దాచుకోండి.

ఇంకో ముక్క. 2024 మార్చిలో కేంద్ర ఫార్మా శాఖ మార్కెటింగ్ కోడ్ తెచ్చింది. దాని ప్రకారం స్పీకర్‌గా వెళ్తే తప్ప కంపెనీ మనకి కాన్ఫరెన్స్ టికెట్లు, హోటల్ బిల్లులు కట్టకూడదు, గిఫ్టులు కూడా కుదరవు. కాబట్టి ఏడాదికి ఒక కాన్ఫరెన్స్ ఖర్చు మన జేబులోంచే అని ముందే అనుకుంటే మనశ్శాంతి.

స్టెప్ 2: వార్త ఎప్పుడు వస్తుందో తెలుసుకుని అప్పుడే చూడండి

గుండె వైద్యంలో పెద్ద వార్తలు ఏడాది పొడుగునా రోజుకొకటి రావు, వాటికీ సీజన్లు ఉన్నాయి. మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ మీటింగ్, మేలో పారిస్‌లో యూరో పీసీఆర్, ఆగస్టు ఆఖర్లో యూరోపియన్ సొసైటీ కాంగ్రెస్, అక్టోబర్ దరిదాపుల్లో స్టెంట్ల వాళ్ళ టీసీటీ, నవంబర్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, డిసెంబర్లో మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వార్షిక సదస్సు. పెద్ద ట్రయల్స్ దాదాపు అన్నీ వీటిల్లోనే బయటికొస్తాయి, చాలావరకు అదే రోజు జర్నల్లో పూర్తి పేపర్ కూడా పడుతుంది. ఫోన్ క్యాలెండర్లో ఈ వారాలు మార్క్ చేసుకుని ఆ వారం తర్వాత ఆదివారం రెండు గంటలు కేటాయిస్తే, మిగతా రోజుల్లో వచ్చే ఫార్వర్డులు సగం చూడక్కర్లేదు.

తర్వాత పబ్‌మెడ్ (వైద్య పేపర్లు వెతికే సైట్) అలర్ట్. చాలామంది పీజీలో నేర్చుకుని వదిలేస్తారు గానీ దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు, పైగా ఫ్రీ. మై ఎన్‌సీబీఐ అకౌంట్ ఓపెన్ చేసి, మీకు కావాల్సిన మాటలు కొట్టి సెర్చ్ చేసి, ఎడమ పక్కన ఫిల్టర్లలో రాండమైజ్డ్ ట్రయల్ (పేషెంట్లని లాటరీలా గ్రూపులు చేసి పోల్చేది), మెటా ఎనాలిసిస్ (చాలా ట్రయల్స్ కలిపి చూసేది) టిక్ చేసి, సెర్చ్ బాక్స్ కింద ఉండే క్రియేట్ అలర్ట్ నొక్కండి. వారానికోసారి, ఆదివారం, అబ్‌స్ట్రాక్ట్‌తో సహా రావాలి అని సెట్ చేస్తే అదే మెయిల్‌కి వస్తుంది. సబ్జెక్టులు మాత్రం మన జిల్లా చూసి పెట్టుకోండి. నేనైతే మూడే చాలంటాను: గుండెపోటులో క్లాట్ కరిగించే మందు ఇచ్చి ఆ తర్వాత యాంజియో చేసే పద్ధతి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్, రుమాటిక్ గుండె జబ్బు (కీళ్ళ జ్వరంతో గుండె కవాటాలు పాడవడం). పది అలర్టులు పెట్టుకుంటే రెండో నెలకల్లా ఒక్కటీ తెరవరు, ఇది గ్యారెంటీ. ఒక లోపం ఉంది, కొత్త పేపర్‌కి "రాండమైజ్డ్ ట్రయల్" అనే లేబుల్ పడటానికి కొంత టైమ్ పడుతుంది కాబట్టి ఫిల్టర్ దాన్ని మిస్ అవ్వొచ్చు, అందుకని రెండు మూడు మెయిన్ జర్నల్స్ విషయసూచిక మెయిల్స్ కూడా ఆన్ చేసి ఉంచండి.

పూర్తి పేపర్ ఎలా అంటారా. ఇండియన్ హార్ట్ జర్నల్ ఓపెన్ యాక్సెస్. న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రీసెర్చ్ పేపర్లు 6 నెలల తర్వాత ఫ్రీ రిజిస్ట్రేషన్‌తో చదవొచ్చు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో చాలా దొరుకుతాయి. గవర్నమెంట్ మెడికల్ కాలేజీలో పనిచేసేవాళ్ళయితే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (కేంద్రమే డబ్బు కట్టి జర్నల్స్ చదవనిచ్చే పథకం) ఉంది, మీ కాలేజీ అందులో నమోదైందా అని లైబ్రేరియన్‌ని అడగండి, నమోదవకపోతే నమోదు చేయించేదాకా వదలకండి. ఏదీ కుదరకపోతే ఆ పేపర్ రాసిన ఆథర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి, చాలామంది పంపిస్తారు.

గైడ్‌లైన్స్ గురించి ఒక్క మాట. వంద పేజీల డాక్యుమెంట్ మొదటి నుంచి చదవాలనుకుంటే జన్మలో చదవం. "కొత్తగా ఏం మారింది" అన్న టేబుల్ మొదట్లోనే ఇస్తారు, అది చదవండి, తర్వాత ఆఖర్లో "ఇంకా ఆధారాలు లేనివి" అన్న భాగం చదవండి, అసలు నిజాయితీ అక్కడే ఉంటుంది. ప్రతి సిఫార్సు పక్కన క్లాస్ (ఎంత గట్టిగా చెప్తున్నారు), లెవెల్ (ఆధారం ఎంత బలంగా ఉంది) రెండూ చూడాలి. క్లాస్ 1 అని ఉండి లెవెల్ సి అంటే అది ఎక్స్‌పర్టుల అభిప్రాయమే ఎక్కువ. యూరోపియన్ సొసైటీ పాకెట్ గైడ్‌లైన్స్ యాప్ ఫ్రీ. మనవాళ్ళది కావాలంటే కార్డియలాజికల్ సొసైటీ 2024 జులైలో లిపిడ్ గైడ్‌లైన్స్ ఇచ్చింది, అందులో అందరికీ జీవితంలో ఒక్కసారైనా లైపోప్రోటీన్ ఎ (వంశపారంపర్యంగా పెరిగే ఒక రకం కొవ్వు కణం) చూడమన్నారు, రొటీన్ లిపిడ్ టెస్టుకి పరగడుపు అక్కర్లేదన్నారు. పాలకొండ నుంచో సోంపేట నుంచో ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చి నీరసంతో కూలబడే షుగర్ పేషెంట్లున్న మనకి ఆ రెండో ముక్క ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు.

స్టెప్ 3: వార్తని విప్పి చూడటం

దీనికి ఒక అసలు ఉదాహరణ తీసుకుందాం, బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మందు) కథ. గుండెపోటు వచ్చి డిశ్చార్జ్ అయ్యే ప్రతి ఒక్కరికీ మెటోప్రొలాలో బిసోప్రొలాలో రాసి పంపడం మన చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటు వెనకున్న పాత ట్రయల్స్ స్టెంట్లు, స్టాటిన్లు (కొలెస్ట్రాల్ తగ్గించే మందులు) రాకముందువి. మరి ఇప్పుడు స్టెంట్ పడి, పంపింగ్ బాగానే ఉన్నవాళ్ళకి కూడా అవసరమా?

2024 ఏప్రిల్‌లో రెడ్యూస్ ఏఎంఐ అనే ట్రయల్ వచ్చింది. ఇజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ లోపలి రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందన్న లెక్క) 50, ఆ పైన ఉన్న 5,020 మంది, మరణం లేదా మళ్ళీ గుండెపోటు బీటా బ్లాకర్ వాడినవాళ్ళలో 7.9 శాతం, వాడనివాళ్ళలో 8.3 శాతం, అంటే తేడా లేదన్నట్టే. గ్రూపుల్లో "బీటా బ్లాకర్ శకం ముగిసింది" అనేశారు. అదే ఏడాది ఆగస్టు ఆఖర్లో ఫ్రాన్స్ నుంచి అబిస్ ట్రయల్ వచ్చింది, అప్పటికే వాడుతున్నవాళ్ళకి ఆపేస్తే ఏమవుతుందని చూశారు, ఆపడం సేఫ్ అని నిరూపించలేకపోయారు, ముఖ్యంగా గుండె సమస్యలతో ఆస్పత్రిలో చేరడం ఆపినవాళ్ళలో ఎక్కువైంది. అయితే శకం ముగియలేదా? ఆగండి.

2025 ఆగస్టులో మాడ్రిడ్‌లో ఒకే రోజు రెండు ట్రయల్స్. స్పెయిన్, ఇటలీ వాళ్ళ రీబూట్ 8 వేల మంది పైన చేసి ఉపయోగం లేదంది, డెన్మార్క్, నార్వే వాళ్ళ బెటామి డాన్‌బ్లాక్ 5,574 మందిలో చేసి ఉపయోగం ఉందంది. ఆ రాత్రి గ్రూపుల్లో ఎవరికి ఏ స్లైడ్ ముందొస్తే అదే నిజం.

ఇలాంటప్పుడు నాలుగు ప్రశ్నలు, ఈ వరసలోనే వేయాలి. ఎవరిని తీసుకున్నారు? దేన్ని కొలిచారు? తేడా ఎంత? ఆ తేడా ఎందులోంచి వచ్చింది?

బెటామి డాన్‌బ్లాక్‌కి వేసి చూడండి. ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40, ఆ పైన ఉన్నవాళ్ళు. కొలిచింది చాలా వాటిని కలిపి కట్టిన మూట: మరణం, మళ్ళీ గుండెపోటు, అనుకోకుండా చేయాల్సొచ్చిన స్టెంట్ లేదా బైపాస్, స్ట్రోక్, హార్ట్ ఫెయిల్యూర్, ప్రాణాంతక అరిత్మియా (గుండె లయ తప్పడం). అదే రీబూట్ మూటలో మరణం, గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్ అడ్మిషన్ మాత్రమే, అంటే రెండు ట్రయల్స్ కొలిచింది ఒకే వస్తువు కానే కాదు. ఇక తేడా 14.2 శాతం, 16.3 శాతం. పోస్టర్ మీద "15 శాతం తగ్గింది" అని ఉంటుంది, మనం తీసేసి చూసుకుంటే 2.1, వందని 2.1తో భాగిస్తే సుమారు 48. అంటే 48 మందికి మూడున్నరేళ్ళు వాడితే ఒకరికి ఆ మూటలో ఏదో ఒకటి తప్పుతుంది. ఎందులోంచి వచ్చిందంటే గుండెపోట్లలోంచి, 5.0 వర్సెస్ 6.7. మరణాలు 4.2 వర్సెస్ 4.4, అక్కడేమీ లేదు. పైగా ఎవరు ఏం వాడుతున్నారో పేషెంటుకీ డాక్టరుకీ తెలిసే ట్రయల్ ఇది, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి బిళ్ళ) లేదు.

ఆ తర్వాత అందరి డేటా కలిపి చూస్తే బొమ్మ తేటపడింది. ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40 నుంచి 49 మధ్య ఉన్న 1,885 మందిలో బీటా బ్లాకర్ పనిచేసింది. 50, ఆ పైన ఉన్న 17,801 మందిలో చూస్తే ఉపయోగం కనపడలేదు, ఇది 2025 నవంబర్లో వచ్చింది. అంటే ఏడాదిన్నర పాటు గ్రూపుల్లో జరిగిన కొట్లాటంతా ఇజెక్షన్ ఫ్రాక్షన్ దగ్గర గీత ఎక్కడ గీయాలన్న దాని గురించి.

ఇప్పుడు మన వార్డుకి రండి. మన చుట్టుపక్కల ఎకో రిపోర్టుల్లో "ఎల్వీ ఫంక్షన్ ఫెయిర్" (గుండె ఎడమ గది పనితీరు పర్లేదు) అని రాసి సంతకం పెట్టేస్తారు. ఆ ఫెయిర్ అంటే 45 ఆ 55 ఆ? ఈ మొత్తం వార్త మీ పేషెంట్‌కి పనికిరావాలంటే ముందు ఆ నంబర్ కావాలి. కాబట్టి ఈ ట్రయల్స్ చదివాక మీరు చేయాల్సిన మొదటి మార్పు మందుల చీటీలో కాదు, ఎకో రూమ్‌లో. నంబర్ రాయమని చెప్పండి, డిశ్చార్జ్ సమ్మరీలో ఆ నంబర్ ఎక్కాలని పట్టుబట్టండి. రెండోది, 40 నుంచి 49 వాళ్ళకి కచ్చితంగా ఇవ్వండి, 50 పైన ఉండి బీపీ, యాంజైనా (గుండె నొప్పి), ఏఎఫ్ (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం), అరిత్మియా లాంటి వేరే కారణం లేనివాళ్ళకి అలవాటుగా రాసేయకుండా ఒక్క క్షణం ఆలోచించండి. మూడోది, ఇప్పటికే వాడుతూ బాగున్న పాత పేషెంట్లకి ఫోన్లో "ఆపేయమ్మా" అని చెప్పేయకండి, అబిస్ గుర్తుంది కదా, సడన్‌గా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయన్నదీ ఉంది.

ఒక పేపర్ మీద ఇంత టైమా అంటే, అవును, ఏడాదికి ఇలాంటివి ఆరో ఏడో విప్పి చూస్తే చాలు.

స్టెప్ 4: ఆ ట్రయల్లో మన పేషెంట్ ఉన్నాడా?

నా దృష్టిలో మొత్తం గైడ్‌లో ఇదే ముఖ్యం. దీని గురించి బయటివాళ్ళెవరూ మనకి చెప్పరు, వాళ్ళకి ఉద్దానం (కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం తీర ప్రాంతం) అంటే ఏంటో తెలీదు.

1999లో రేల్స్ ట్రయల్ వచ్చింది, హార్ట్ ఫెయిల్యూర్ ముదిరినవాళ్ళలో స్పైరనోలాక్టోన్ (ఒంట్లో నీరు తీసి, పొటాషియం నిలబెట్టే బిళ్ళ) ఇస్తే మరణాలు 46 శాతం నుంచి 35 శాతానికి తగ్గాయి. అద్భుతమైన రిజల్ట్, చవక బిళ్ళ. అయితే అందులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 2.5 దాటినవాళ్ళని, పొటాషియం 5 పైన ఉన్నవాళ్ళని తీసుకోలేదు, తీసుకున్నవాళ్ళకి కూడా మాటిమాటికీ రక్తపరీక్షలు చేశారు. పేపర్ వచ్చాక కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లందరూ రాయడం మొదలుపెట్టారు, 2004లో అక్కడి లెక్కలు తీస్తే ప్రిస్క్రిప్షన్లు వెయ్యి మంది పేషెంట్లకి 34 నుంచి 149కి పెరిగాయి, పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరడాలు వెయ్యికి 2.4 నుంచి 11కి ఎగబాకాయి. మందు అదే, తప్పు ట్రయల్‌ది కాదు, ట్రయల్లో లేని పేషెంట్లకి ట్రయల్లో చేసిన పరీక్షలు లేకుండా ఇచ్చారు.

ఇప్పుడు కవిటి నుంచో కంచిలి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో కాళ్ళ వాపు, ఆయాసంతో వచ్చిన పెద్దాయన్ని చూడండి. ఒళ్ళొంచి పనిచేసిన మనిషి, సన్నగా ఉంటాడు, కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ 1.6 అని వస్తే పర్లేదులే అనిపిస్తుంది, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత సామర్థ్యం) లెక్క కడితే అప్పటికే బాగా పడిపోయి ఉంటుంది. కొబ్బరి తోటల ఊరు, నీరసమంటే ఇంట్లోవాళ్ళు ముందు బోండం కొట్టి ఇస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది. దానికి తోడు ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో కొనుక్కున్న పెయిన్ కిల్లర్. దాని మీద రామిప్రిల్ (బీపీ, గుండె మందు, ఇదీ పొటాషియం పెంచేదే), దాని మీద స్పైరనోలాక్టోన్. పేపర్లో చదివిన ఆ 11 శాతం లాభం ఇతనికి వస్తుందో లేదో గానీ పొటాషియం మాత్రం పెరుగుతుంది.

అందుకని ఉద్దానం వైపు పేషెంట్‌కి ఈ మందు మొదలెట్టేముందు చేయాల్సింది: ఈజీఎఫ్‌ఆర్ లెక్క కట్టి 30 పైన ఉందా, పొటాషియం 5 లోపు ఉందా చూసుకోవాలి. మొదలెట్టిన వారం తర్వాత ఒకసారి, నాలుగు వారాల తర్వాత ఒకసారి, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష. శ్రీకాకుళం దాకా రాలేకపోతే సోంపేటలోనో పలాసలోనో చేయించుకుని రిపోర్ట్ ఫొటో పంపమనండి. వారం తర్వాత పరీక్ష చేయించుకోలేడు అని మీకు ముందే తెలిస్తే ఆ బిళ్ళ రాయకండి. కొబ్బరినీళ్ళు, పెయిన్ కిల్లర్ సంగతి నోటితో అడగండి, అడగకపోతే చెప్పరు, వాళ్ళ దృష్టిలో బోండం మందూ కాదు, తిండీ కాదు.

గ్లిఫ్లోజిన్ల (షుగర్‌కి వచ్చి ఇప్పుడు గుండెకీ కిడ్నీకీ వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు) విషయంలో కూడా ఇదే చూపు. డాపా హెచ్ఎఫ్ ట్రయల్లో 4,744 మంది, గుండె జబ్బుతో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్ ముదరడం 21.2 శాతం నుంచి 16.3కి తగ్గింది, 21 మందికి ఏడాదిన్నర వాడితే ఒకరికి లాభం, మంచి లెక్క. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపు వాళ్ళు అందులో లేరు. కిడ్నీ ట్రయల్ డాపా సీకేడీలో యూరిన్‌లో ఆల్బుమిన్ (ఒక ప్రోటీన్) బాగా పోతున్నవాళ్ళనే తీసుకున్నారు, ఉద్దానం కిడ్నీ జబ్బు చూస్తే ప్రోటీన్ పెద్దగా పోని రకమే ఎక్కువ. 2022లో వచ్చిన ఎంపా కిడ్నీలో ఈజీఎఫ్‌ఆర్ 20 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళని ఆల్బుమిన్‌తో సంబంధం లేకుండా తీసుకున్నారు కాబట్టి మనకి అది కాస్త దగ్గర. రెండు ట్రయల్స్ హెడ్‌లైన్లు ఒకేలా ఉంటాయి, మన పేషెంట్ ఎందులో ఉన్నాడన్నది లోపలికెళ్తేనే తెలుస్తుంది.

ఇంకోటి, రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్‌తో (మైట్రల్ కవాటం ఇరుకవడం) ఏఎఫ్ వచ్చినవాళ్ళు. పెద్ద సిటీల్లో వీళ్ళు తగ్గిపోయారేమో గానీ మన దగ్గర ఇంకా వస్తూనే ఉన్నారు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) గోల ఎందుకు, రక్తం గడ్డకట్టకుండా కొత్త బిళ్ళ ఇచ్చేద్దాం అనిపిస్తుంది. 2022లో ఇన్‌విక్టస్ ట్రయల్ ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా పేషెంట్లతోనే చేశారు, రివరోక్సబాన్ కన్నా పాత వార్ఫరిన్ రకం మందు వాడినవాళ్ళలోనే మరణాలు తక్కువ, బ్లీడింగ్ ఎక్కువేమీ కాలేదు. మన పేషెంట్ ఉన్న ట్రయల్ అంటే ఇదీ. కాబట్టి ఎసిట్రోమ్ (వార్ఫరిన్ రకం మందు) చీటీ, నెలనెలా ఐఎన్‌ఆర్ తప్పవు.

స్టెప్ 5: గుండెపోటు విషయంలో క్యాజువాల్టీ మొత్తానికి చదువు

మీరొక్కరే అప్‌డేట్ అయితే సరిపోదు, రాత్రి రెండింటికి ఈసీజీ చూసేది డ్యూటీ ఎంఓ (మెడికల్ ఆఫీసర్).

డయాగ్నసిస్ అయిన దగ్గర్నుంచి 120 నిమిషాల్లో క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియో చేసే గది) మూసుకున్న రక్తనాళంలోంచి వైర్ దాటించగలిగితే ప్రైమరీ యాంజియోప్లాస్టీ, లేకపోతే వెంటనే క్లాట్ కరిగించే మందు, ఇది అందరికీ తెలిసిందే. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, విజయనగరం నుంచి అరవై దరిదాపు, ఇచ్ఛాపురం నుంచి రెండొందలు దాటుతుంది. దగ్గర్లో పనిచేసే క్యాథ్ ల్యాబ్ ఆ రాత్రి ఖాళీగా ఉందా, టీమ్ వచ్చిందా అన్నది వేరే లెక్క. చుట్టాలొచ్చి, డబ్బులు చూసుకుని, అంబులెన్స్ మాట్లాడుకుని బయల్దేరేసరికే గంట. కిలోమీటర్లు కాకుండా ఈ గంట కూడా కలిపి లెక్కేయండి, అప్పుడు టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వైపు కేసుల్లో జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: అక్కడే టెనెక్టెప్లేజ్ (క్లాట్ కరిగించే ఇంజెక్షన్) ఇచ్చి పంపించడం.

క్యాజువాల్టీ గోడ మీద ఒక్క పేజీ అతికించండి. దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడ బరువు, మంట, నొప్పి అన్నా పది నిమిషాల్లో ఈసీజీ. "గుండెల్లో గేస్ పట్టేసింది బాబూ" అని వచ్చేవాళ్ళకి పాంటాప్ ఇంజెక్షన్ తర్వాత, ముందు ఈసీజీ. టెనెక్టెప్లేజ్ బరువు ప్రకారం డోస్ టేబుల్, 75 దాటినవాళ్ళకి సగం డోస్ (ఇది 2013 నాటి స్ట్రీమ్ ట్రయల్‌లో మెదడులో బ్లీడింగ్ చూసి మధ్యలో మార్చిన సంగతి). ఇవ్వకూడని వాళ్ళ లిస్ట్. ఇచ్చాక 60 నుంచి 90 నిమిషాల మధ్య ఇంకో ఈసీజీ, ఎస్టీ (గుండెపోటులో ఈసీజీలో పైకి లేచే భాగం) సగానికి కూడా దిగకపోతే రెస్క్యూ యాంజియోప్లాస్టీకి పరుగు. దిగినా సరే 2 నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ జరగాలి. "మందు పనిచేసింది, నొప్పి తగ్గింది, నాలుగు రోజులు ఇక్కడే ఉంచుదాం" అనే పాత అలవాటు ఇంకా ఉంది, దాన్ని మాన్పించాలి.

నెలకోసారి అరగంట ఈసీజీ క్లాస్ పెట్టండి, ఎంఓలు, స్టాఫ్ నర్సులు, కుదిరితే 108 సిబ్బంది కూడా. ఎస్టీ కొండలా లేచినవి చూపించి లాభం లేదు, అవి అందరూ పట్టుకుంటారు. వెనక గోడ గుండెపోటు, డి వింటర్, వెలెన్స్ (ఎస్టీ లేవకపోయినా ప్రమాదం చెప్పే ఈసీజీ ఆకారాలు), మొదట్లో కనిపించే పొడవాటి టీ వేవ్‌లు, ఇవి చూపించండి, అదీ ఆ నెలలో మీ క్యాజువాల్టీకి వచ్చిన వాటినే పేరు చెరిపేసి.

స్టెప్ 6: జర్నల్ క్లబ్

రాగోలు, నెల్లిమర్ల మెడికల్ కాలేజీల్లో, రెండు గవర్నమెంట్ కాలేజీల్లో పీజీలున్నచోట డిపార్ట్‌మెంట్లోనే నడిపించొచ్చు. ప్రైవేటులో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు కలిసి గూగుల్ మీట్ పెట్టుకోండి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, నలభై నిమిషాలు, ఒకటే పేపర్. స్లైడ్లు వద్దు, స్లైడ్లు చేయాలంటే రెండో నెలకి ఆగిపోతుంది. పేపర్ స్క్రీన్ మీద పెట్టి నేరుగా మెథడ్స్, టేబుల్ 1 (ఎలాంటివాళ్ళని తీసుకున్నారో చెప్పే పట్టిక) తెరిచి "వీళ్ళలో మన పేషెంట్ ఉన్నాడా" అన్న ప్రశ్నతోనే మొదలెట్టండి. ఒక నెఫ్రాలజిస్టునో ఒక ఫిజీషియన్నో కూడా కూర్చోబెడితే చర్చ బాగుంటుంది, కార్డియాలజిస్టులం మనం మాత్రమే ఉంటే ఒకరికొకరం తలలూపుకుంటాం.

స్టెప్ 7: కాన్ఫరెన్స్‌కి వెళ్తే

ఏడాదికి ఒకటి చాలు. విశాఖలో జరిగే రాష్ట్ర స్థాయివి, ఫిజీషియన్ల సంఘం మీటింగులు పొద్దున్న బస్సెక్కి రాత్రికి వచ్చేయొచ్చు, గంటలు కూడా వస్తాయి. జాతీయ సదస్సు రెండేళ్ళకోసారి వెళ్ళినా సరే. ప్రోగ్రామ్ షెడ్యూల్ ముందే డౌన్‌లోడ్ చేసి రోజుకి మూడు సెషన్లు మాత్రమే ఎంచుకోండి. భోజనాల పక్కన స్పాన్సర్డ్ సింపోజియంలు ఉంటాయి, స్పీకర్ ఒకటో రెండో స్లైడులో తన ఆర్థిక సంబంధాలు రెండు సెకన్లు చూపించి దాటేస్తాడు, ఆ స్లైడ్ ఫొటో తీయండి, మిగతా స్లైడ్లన్నిటికన్నా అదే పనికొస్తుంది. లైవ్ కేసులు చూడటానికి బాగుంటాయి గానీ మీ ల్యాబ్‌లో లేని పరికరంతో చేసేవి చూసి చేసేదేమీ లేదు.

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ, మా దుబాయ్ సదస్సులో ముఖ్య వక్తగా రండి" అని తెలియని పేరుతో మెయిల్ వస్తే డిలీట్ చేయండి.

స్టెప్ 8: వాట్సాప్, ఏఐ

గ్రూపులు వదిలేయమనను, అర్ధరాత్రి అనుమానం వస్తే విశాఖలో ఉన్న సీనియర్ రెండు నిమిషాల్లో జవాబిస్తారు, అది చిన్న సంగతి కాదు. కానీ ఈసీజీ ఫొటో పెట్టేముందు పై అంచులో ప్రింటైన పేరు, ఐడీ నంబర్ క్రాప్ చేయండి, యాంజియో వీడియోలో మూలన పేరు ఉంటుంది, అదీ చూసుకోండి. స్లైడ్ ఫార్వర్డ్ చేసేవాళ్ళు పేపర్ లింక్ కూడా పెట్టాలి అని గ్రూపులో రూల్ పెడితే ట్రాఫిక్ దానంతటదే తగ్గిపోతుంది.

ఏఐ టూల్స్‌ని పేపర్ సారాంశానికి వాడొచ్చు, తప్పులేదు, కాకపోతే అవి లేని పేపర్‌ని కూడా జర్నల్ పేరుతో సహా నమ్మకంగా చెప్తాయి. కాబట్టి అది చెప్పిన ప్రతి నంబర్ పబ్‌మెడ్‌లో అసలు అబ్‌స్ట్రాక్ట్‌తో సరిచూడండి. డోస్ విషయంలో అయితే వాటిని అసలు అడగకండి. పబ్‌మెడ్ తెరిచినప్పుడు పేపర్ వెనక్కి తీసుకున్నారన్న నోటీస్ ఉంటే పైనే కనపడుతుంది, అదీ చూసినట్టవుతుంది.

స్టెప్ 9: మూడు నెలలకోసారి ఒక్క లెక్క

ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు. మూడు నెలలకి ఒకే ప్రశ్న ఎంచుకోండి. ఈ మూడు నెలల్లో డిశ్చార్జ్ అయిన గుండెపోటు పేషెంట్ల సమ్మరీల్లో ఎంతమందికి ఇజెక్షన్ ఫ్రాక్షన్ నంబర్‌తో ఉంది? స్పైరనోలాక్టోన్ రాసినవాళ్ళలో ఎంతమందికి వారం తర్వాత పొటాషియం చేశాం? ఆస్పత్రి గేట్ దాటిన దగ్గర్నుంచి టెనెక్టెప్లేజ్ సూది పడేదాకా ఎన్ని నిమిషాలు? మొదటిసారి లెక్క తీసినప్పుడు నంబర్లు బాగుండవు, ఎవరి దగ్గరా బాగుండవు, స్టాఫ్‌ని తిట్టకండి, తిడితే రెండోసారి టైమ్‌లు సర్ది రాస్తారు.

మూడో ప్రశ్నతోనే మొదలెట్టమంటాను, ఎందుకంటే దానికి కొత్త మందూ అక్కర్లేదు, మిషనూ అక్కర్లేదు. రిజిస్టర్లో నాలుగు గళ్ళు గీయించండి: వచ్చిన టైమ్, ఈసీజీ టైమ్, సూది టైమ్, బండి బయల్దేరిన టైమ్. గోడ గడియారం, ఈసీజీ మిషన్ గడియారం ఒకే టైమ్ చూపిస్తున్నాయా అని ముందు రోజే సరిచూసుకోండి, చాలాచోట్ల మిషన్లో తేదీ కూడా తప్పే ఉంటుంది.